మూలికా పశు అనుబంధాహారాల కస్టమ్స్ వర్గీకరణ

మూలికా పశు అనుబంధాహారాల కస్టమ్స్ వర్గీకరణ అనగా విదేశాల నుండి దిగుమతి అయ్యే మూలికా ఫీడ్ సప్లిమెంట్లను భారత కస్టమ్స్ సుంకాల పట్టికలో ఏ శీర్షిక క్రింద చేర్చవలెనో నిర్ణయించే ప్రక్రియ. పశువులు, కోళ్ళు, చేపలు, రొయ్యలు మొదలైన జీవాలకు దాణాతో పాటు ఇచ్చే ఆకులు, వేళ్ళు, గింజలు, వాటి సారాలు, తైలాలు, వీటితో చేసిన పొడులు, ద్రావకాలు ఈ కోవలోకి వస్తాయి. ఒకే డబ్బాలోని పొడి ఒక శీర్షిక క్రింద దాణా అవుతుంది, మరొక శీర్షిక క్రింద మందు అవుతుంది, ఇంకొక శీర్షిక క్రింద కేవలం వృక్షసారం అవుతుంది. శీర్షిక మారితే సుంకం మారుతుంది, అవసరమైన అనుమతులు కూడా మారుతాయి. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు, విశాఖపట్నం రేవుకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉన్నది. ఈ తరహా సరుకుపై నడిచిన ఒక వివాదం సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం వరకు వెళ్ళి, 2018లో దేశమంతటికీ వర్తించే తీర్పుకు దారి తీసినది.

నేపథ్యం

దాణాలో ఎదుగుదల కొరకు యాంటీబయాటిక్ మందులు కలిపే అలవాటు ప్రపంచవ్యాప్తంగా విమర్శకు గురి అయినది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి ఎదుగుదల కొరకు వాడే యాంటీబయాటిక్‌లను దాణాలో నిషేధించినది. భారతదేశంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కొరకు పెంచే జంతువులలో వాడరాదని 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినది. ఎగుమతి అయ్యే రొయ్యలలో మందుల అవశేషాలు కనిపిస్తే కొనుగోలు దేశాలు సరుకును త్రిప్పి పంపుతాయి. ఈ కారణాల వలన వెల్లుల్లి, పసుపు, నేలవేము, అశ్వగంధ వంటి దేశీయ మూలికలకే గాక యుక్కా, ఒరెగానో, మిల్క్ థిజిల్ వంటి విదేశీ మొక్కల తయారీలకు కూడా గిరాకీ పెరిగినది. ఉదాహరణకు, అమెరికా, మెక్సికో ఎడారులలో పెరిగే యుక్కా మొక్క సారంలో సాపోనిన్లు ఉంటాయి. చెరువులలోనూ, కోళ్ళ ఫారాలలోనూ అమోనియా ఘాటును తగ్గించుటకు దీనిని వాడతారు.

సుంకాల పట్టిక నిర్మాణం

సరుకులకు అంకెలతో పేరు పెట్టే అంతర్జాతీయ పద్ధతిని హార్మొనైజ్డ్ సిస్టమ్ అంటారు. క్లుప్తంగా దీనిని హెచ్.ఎస్. అని వ్యవహరిస్తారు. దీనికి సంబంధించిన ఒడంబడిక 1983లో బ్రస్సెల్స్‌లో కుదిరి, 1988 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీనిని నిర్వహిస్తూ, కొన్ని సంవత్సరాలకు ఒకసారి సవరిస్తున్నది. 2022 సంవత్సరపు సవరణ వీటిలో ఒకటి.

భారతదేశంలో 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం యొక్క మొదటి షెడ్యూలు ఈ పద్ధతిని అనుసరిస్తుంది. ఇందులో మొదటి రెండు అంకెలు అధ్యాయాన్ని, నాలుగు అంకెలు శీర్షికను, ఆరు అంకెలు ఉపశీర్షికను సూచిస్తాయి. మొదటి ఆరు అంకెలు ఈ పద్ధతిని పాటించే దేశాలన్నింటా ఒకటే. 2003 నుండి భారతదేశంలో ఎనిమిది అంకెల సంఖ్యను వాడుతున్నారు. చివరి రెండు అంకెలు దేశీయ అవసరాల కొరకు చేర్చినవి.

పోటీపడే శీర్షికలు

మూలికా అనుబంధాహారం విషయంలో ప్రధానంగా ఈ క్రింది శీర్షికలు పరిశీలనకు వస్తాయి.

* 1211 - వైద్యంలోను, సుగంధ ద్రవ్యాల తయారీలోను, క్రిమిసంహారకాలుగాను ముఖ్యంగా ఉపయోగించే మొక్కలు, వాటి భాగాలు. ఎండినవైనా, పొడి చేసినవైనా ఇందులోనే చేరుతాయి. జిన్‌సెంగ్ వేళ్ళకు 1211 20 అనే ప్రత్యేక ఉపశీర్షిక ఉన్నది.
* 0712, 0910 - ఎండబెట్టిన కూరగాయలు, సుగంధ దినుసులు. విడిగా వచ్చే వెల్లుల్లి పొడి మొదటి దానిలోను, పసుపు రెండవ దానిలోను చేరుతాయి.
* 1302 - వృక్షరసాలు, సారాలు. ఇతర పదార్థాలు కలపని సారం సాధారణంగా ఇక్కడికి వస్తుంది.
* 3301 - సుగంధ తైలాలు. ఏమీ కలపని ఒరెగానో తైలం ఇందుకు ఉదాహరణ.
* 2309 - పశువుల మేతకు ఉపయోగించే తరహా తయారీలు.
* 2936 - విటమిన్లు. మూలికలతో పాటు విటమిన్ కలిసిన సరుకులలో ఈ శీర్షిక ప్రస్తావన వస్తుంది.
* 3003, 3004 - మందులు. విడి మోతాదులుగా గాని, చిల్లర అమ్మకపు ప్యాకింగులో గాని లేనివి 3003లోను, ఉన్నవి 3004లోను చేరుతాయి. ఆయుర్వేద పద్ధతి మందులకు భారత పట్టికలో ప్రత్యేక సంఖ్యలు ఉన్నాయి.
* 2106 - మనుషుల కొరకైన, మరెక్కడా చెప్పని ఆహార తయారీలు. అదే పొడి మనుషులకు కూడా పనికి వచ్చేటట్లు తయారై ఉంటే ఈ ప్రశ్న తలెత్తుతుంది.

2309 శీర్షిక స్వరూపం

23వ అధ్యాయపు మొదటి నోటు ఈ వివాదాలకు కీలకం. వృక్ష లేదా జంతు పదార్థాలను శుద్ధి చేయగా అవి తమ మూల లక్షణాలను కోల్పోయి, పశువుల మేతకు వాడే తరహా ఉత్పత్తులుగా మారి, మరెక్కడా పేర్కొనబడకుండా ఉంటే అవి 2309 శీర్షికలో చేరుతాయని ఆ నోటు సారాంశం. అనగా, మూల లక్షణం కోల్పోని ఎండుటాకు కేవలం పశువుకు పెట్టినంత మాత్రాన 2309లోకి రాదు.

ఈ శీర్షికలో కుక్కలకు, పిల్లులకు చిల్లర అమ్మకానికి సిద్ధం చేసిన ఆహారం 2309 10గాను, మిగిలినవి 2309 90గాను విభజింపబడినవి. భారత పట్టికలో 2309 90 క్రింద మిశ్రమ దాణా, దాణా సాంద్రకాలు, రొయ్యల మేత, చేపల మేత, ఇతరములు అని మరల విభాగాలు ఉన్నాయి. మూలికా సప్లిమెంట్లు ఎక్కువగా "ఇతరములు" అనే 2309 90 90 సంఖ్య క్రింద ప్రకటింపబడుతుంటాయి.

ప్రపంచ కస్టమ్స్ సంస్థ ప్రచురించే వివరణాత్మక నోట్స్ ఈ శీర్షికలో చేరే తయారీలను స్థూలంగా మూడు విధాలుగా చెబుతాయి. మొదటిది బెల్లపు మడ్డి వంటి తీపి పదార్థం కలిపిన మేత. రెండవది పశువుకు ఒక రోజుకు కావలసిన పోషకాలన్నీ సమపాళ్ళలో ఉన్న సంపూర్ణ దాణా, లేక ఇంటి మేతలోని లోటును పూడ్చే అనుబంధ దాణా. మూడవది అటువంటి దాణాలలో కలుపుటకు తయారు చేసే ప్రీమిక్స్. ప్రీమిక్స్‌లో సాధారణంగా మూడు రకాల పదార్థాలు ఉంటాయి: జీర్ణశక్తిని పెంచి ఆరోగ్యాన్ని కాపాడేవి, దాణా చెడిపోకుండా నిలువ ఉంచేవి, వీటన్నింటినీ మోసే పిండి, తవుడు, సుద్ద వంటి వాహకాలు.

ఆ నోట్స్ కొన్నింటిని ఈ శీర్షిక నుండి స్పష్టంగా మినహాయిస్తాయి. విడి విటమిన్లు, 3003 లేక 3004కు చెందే మందులు, మనుషులకూ పశువులకూ సమానంగా పనికివచ్చే తయారీలు, సూక్ష్మజీవులను అరికట్టే క్రిమినాశక తయారీలు అటువంటివి. వివరణాత్మక నోట్స్ చట్టం కావు. అయితే హెచ్.ఎస్. ఆధారంగా రూపొందిన పట్టికను అర్థం చేసుకొనుటకు అవి నమ్మదగిన మార్గదర్శకాలని సుప్రీం కోర్టు 1995లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పినది.

దాణానా, మందా?

"ఆరోగ్యాన్ని కాపాడేది" అన్న మాట ప్రీమిక్స్‌కూ వర్తిస్తుంది, మందుకూ వర్తిస్తుంది. వివాదాలకు మూలం ఇదే. 30వ అధ్యాయం ప్రకారం మందు అనగా రోగాన్ని నయం చేయుటకు గాని, రోగం రాకుండా నివారించుటకు గాని ఉద్దేశించినది. ఆ అధ్యాయపు మొదటి నోటు బలవర్ధక ఆహారాలను, ఆహార అనుబంధాలను మందుల నుండి మినహాయిస్తుంది. కాబట్టి "కాలేయానికి బలం, ఆకలికి మంచిది" అని వ్రాసిన సీసాకూ, "కాలేయ వ్యాధికి చికిత్స, రోజుకు ఇంత మోతాదు, ఇన్ని రోజులు" అని వ్రాసిన సీసాకూ లోపలి ద్రవం ఒకటే అయినా వాదనలు వేరుగా ఉంటాయి.

సాధారణంగా పరిశీలించే అంశాలు ఇవి:

* పదార్థాల జాబితా, ఒక్కొక్కదాని పాలు, వాహకం ఏమిటి అనునది.
* లేబుల్ మీద, కరపత్రంలో చేసిన ప్రకటనలు: పోషణ గురించా, రోగం గురించా?
* వాడే విధానం: దాణాలో టన్నుకు ఇన్ని కిలోలు కలపమన్నదా, పశువుకు మోతాదుగా పట్టమన్నదా?
* ప్యాకింగు: 25 కిలోల సంచియా, చిన్న సీసాయా?
* వ్యాపారులు, రైతులు దానిని ఏ పేరుతో అడిగి కొంటారు?

చివరి అంశాన్ని "వాడుక భాష పరీక్ష" అంటారు. బైద్యనాథ్ వారి ఎర్ర పళ్ళపొడి ఆయుర్వేద మందు కాదని, సామాన్యులు దానిని పళ్ళు తోముకొనే పొడిగానే ఎరుగుదురని 1995లో సుప్రీం కోర్టు తేల్చుటకు ఈ పరీక్షే ఆధారం. 2009లోనూ అదే ఉత్పత్తి విషయంలో న్యాయస్థానం అదే అభిప్రాయానికి వచ్చినది.

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం (1940) ఆయుర్వేద ఔషధాన్ని నిర్వచించునప్పుడు మనుషులతో పాటు జంతువుల రోగాలకు వాడేవాటిని కూడా చేర్చినది. కనుక పశువుల ఆయుర్వేద మందు అనునది చట్టానికి కొత్త కాదు. అయితే ఔషధ లైసెన్సు ఉన్నంత మాత్రాన సరుకు 30వ అధ్యాయంలో చేరిపోదు. సుంకాల పట్టికలోని పదాలు, నోట్స్ ప్రకారమే నిర్ణయం జరుగుతుంది.

ఇంకొక చిక్కు చెరువు నీటిలో కలిపే తయారీలది. 2309 శీర్షిక మేతకు సంబంధించినది. రొయ్య తినని, కేవలం నీటిని శుభ్రపరచుటకు చల్లే మూలికా తయారీ ఆ శీర్షికలో చేరుతుందని చెప్పుట కష్టం. యుక్కా సారాన్ని ఒకే పేరుతో మేతలోనూ, నీటిలోనూ వాడమని ముద్రించిన చోట ఈ ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

వర్గీకరణ సూత్రాలు

పట్టికకు ముందు ఆరు సాధారణ వ్యాఖ్యాన సూత్రాలు ఇవ్వబడినవి. మొదటి సూత్రం ప్రకారం శీర్షికలోని పదాలు, విభాగపు, అధ్యాయపు నోట్స్ ముఖ్యం. వాటితోనే సమాధానం దొరికితే మిగిలిన సూత్రాల అవసరం ఉండదు. రెండు శీర్షికలు వర్తించునట్లు కనిపిస్తే మూడవ సూత్రం వస్తుంది: ఎక్కువ నిర్దిష్టమైన వర్ణనకు ప్రాధాన్యం, అది కుదరనిచో మిశ్రమానికి ముఖ్య స్వభావాన్ని ఇచ్చే పదార్థం ప్రకారం, అదీ కుదరనిచో సంఖ్యాక్రమంలో చివర వచ్చే శీర్షిక. ఆరవ సూత్రం ఉపశీర్షికల నిర్ణయానికి వర్తిస్తుంది.

ఉదాహరణకు, వెల్లుల్లి పొడి మాత్రమే ఉన్న సంచి మొదటి సూత్రంతోనే 0712లో చేరుతుంది. వెల్లుల్లి సారం, ఒరెగానో తైలం, ఖనిజ లవణాలు కలిపి గోధుమ తవుడులో పట్టించి కోళ్ళ దాణాలో కలుపుటకు తయారు చేసినది 2309 90లో చేరుటకు బలమైన ఆధారం ఉంటుంది.

న్యాయస్థానాల తీర్పులు

సన్ ఎక్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసు (1997)

దాణా శ్రేణికి చెందిన విటమిన్ ఏడీ-3 మిశ్రమం "పశువుల దాణా"కు ఇచ్చిన మినహాయింపు పొందగలదా అనునది ఈ కేసులోని ప్రశ్న. దాణా అనుబంధాలు కూడా దాణాయేనని, రెండు అర్థాలకు అవకాశం ఉన్నప్పుడు పన్ను చెల్లించేవారికి అనుకూలమైన అర్థం తీసుకోవలెనని సుప్రీం కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పినది. సుమారు 20 సంవత్సరాల పాటు దిగుమతిదారులు ఈ తీర్పును ఆధారంగా చూపుతూ వచ్చారు.

దిలీప్ కుమార్ అండ్ కంపెనీ కేసు (2018)

1999 ఆగస్టులో ముంబైలో దాణా శ్రేణి విటమిన్ ఇ-50 పొడి దిగుమతి అయినది. దిగుమతిదారు దానిని రొయ్యల మేతకు సంబంధించిన 2309 90 క్రింద ప్రకటించి, 20/1999 నోటిఫికేషను ప్రకారం 30 శాతానికి బదులు 5 శాతం సుంకం చెల్లిస్తామని కోరారు. ఇది రొయ్యల మేత కాదని, మేతలో కలిపే రసాయన పదార్థమని, కనుక 29వ అధ్యాయానికి చెందుతుందని కస్టమ్స్ శాఖ వాదించినది. లక్ష రూపాయల విలువగల సరుకుపై ఒక లెక్కన 5,000 రూపాయలు, మరొక లెక్కన 30,000 రూపాయలు మూల సుంకం అవుతుంది.

అప్పీలు అధికారి, ట్రిబ్యునల్ సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పును అనుసరించి దిగుమతిదారునికి అనుకూలంగా నిర్ణయించారు. సుప్రీం కోర్టులో ఆ పాత తీర్పుపైనే సందేహం వ్యక్తం కాగా విషయం ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి చేరినది. జస్టిస్ రంజన్ గొగోయ్, జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ ఆర్. భానుమతి, జస్టిస్ మోహన్ ఎం. శాంతనగౌడర్, జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్ ఆ ధర్మాసన సభ్యులు. 2018 జులై 30న వెలువడిన తీర్పును వ్రాసినవారు కృష్ణా జిల్లా పొన్నవరంలో (ప్రస్తుతం ఎన్.టి.ఆర్. జిల్లా) జన్మించిన జస్టిస్ ఎన్.వి. రమణ. తరువాత ఆయన 2021 ఏప్రిల్ నుండి 2022 ఆగస్టు వరకు భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ప్రమాణ స్వీకారం చేశారు.

తీర్పులోని ముఖ్యాంశాలు:

* మినహాయింపు నోటిఫికేషనును కఠినంగా అన్వయించవలెను. మినహాయింపు తనకు వర్తిస్తుందని నిరూపించే బాధ్యత కోరినవారిదే.
* మినహాయింపులో అస్పష్టత ఉంటే దాని ప్రయోజనం ప్రభుత్వానికే చెందుతుంది.
* దీనికి విరుద్ధంగా ఉన్న సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పు సరైనది కాదు.

పన్ను విధించే నిబంధనలోనే అస్పష్టత ఉంటే మాత్రం ప్రయోజనం పన్ను చెల్లించేవారికి దక్కుతుందన్న పాత సూత్రాన్ని ధర్మాసనం అలాగే ఉంచినది. కనుక వర్గీకరణ, మినహాయింపు అనునవి రెండు వేర్వేరు మెట్లు అని గుర్తించవలెను. సరుకు ఏ శీర్షికకు చెందుతుంది అనునది మొదటి మెట్టు. ఆ శీర్షికకు ఇచ్చిన రాయితీలోని మాటలు ఆ సరుకుకు అతుకుతాయా అనునది రెండవ మెట్టు. మొదటి మెట్టు దాటిన సరుకు రెండవ మెట్టు వద్ద ఆగిపోవచ్చును.

2018 నాటి వివరణ

వస్తు సేవల పన్ను వచ్చిన పిమ్మట 2309, 2936 శీర్షికల మధ్య ఇదే సందేహం మరల తలెత్తినది. 2018 డిసెంబరు 31 నాటి సర్క్యులరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు దీనికి వివరణ ఇచ్చినది. నిలువ ఉంచుటకు, రవాణాకు అవసరమైన మేరకు మాత్రమే ఇతర పదార్థం కలిపిన విటమిన్ తన శీర్షికలోనే ఉంటుంది. పశువుల మేత అనే ప్రత్యేక ఉపయోగానికి తగినట్లు తయారైనదే 2309లో చేరుతుంది అని దాని తాత్పర్యం. మూలికా సారాలకు కూడా ఇదే తర్కాన్ని పోల్చి చూడవచ్చును.

సుంకాలలో మార్పులు

రొయ్యల మేతపై మూల కస్టమ్స్ సుంకాన్ని 2021 బడ్జెట్‌లో 5 నుండి 15 శాతానికి పెంచారు. 2023 బడ్జెట్‌లో రొయ్యల మేత తయారీకి వాడే చేపల పొడి, క్రిల్ పొడి, ఖనిజ-విటమిన్ ప్రీమిక్స్‌ల సుంకాన్ని 15 నుండి 5 శాతానికి తగ్గించారు. 2024 జులై బడ్జెట్‌లో రొయ్యల మేత, చేపల మేతపై సుంకాన్ని తిరిగి 5 శాతానికి తెచ్చి, జలచరాల మేత తయారీకి వాడే ఖనిజ-విటమిన్ ప్రీమిక్స్‌పై పూర్తిగా తొలగించారు. ఈ రాయితీలలోని పదాలు గమనించదగినవి. "ఖనిజ-విటమిన్ ప్రీమిక్స్" అన్న మాటలో మూలిక ప్రస్తావన లేదు. 2018 తీర్పు దృష్ట్యా కేవలం మూలికలతో చేసిన ప్రీమిక్స్‌కు ఆ రాయితీని కోరుట సులభం కాదు.

మూల సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 2018 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చినది. ఉదాహరణకు 10 లక్షల రూపాయల సరుకుపై 5 శాతం చొప్పున మూల సుంకం 50,000, సర్‌చార్జి 5,000, మొత్తం 55,000 రూపాయలు. అదే 15 శాతమైతే మొత్తం 1,65,000 రూపాయలు. దీనికి పైన సమగ్ర వస్తు సేవల పన్ను ఉంటుంది. 2017లో పశువుల, కోళ్ళ, జలచరాల దాణాకు, వాటి అనుబంధాలకు ఈ పన్ను లేకుండా చేశారు. మందులకు సాధారణంగా 12 శాతంగా ఉన్న రేటు 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతం అయినది. దాణాకు, మందుకు మధ్య అంతరం ఈ విధంగా తగ్గినదే గాని పోలేదు.

విశాఖపట్నం, పెందుర్తి ప్రాంతంలో

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైనది. 2003లో విశాఖ కంటైనర్ టెర్మినల్ పనిచేయుట మొదలైన తరువాత సంచులు, డ్రమ్ములలో వచ్చే సరుకులకు వీలు పెరిగినది. నగరానికి పడమటి దిక్కున ఉన్న పెందుర్తి హౌరా-చెన్నై రైలు మార్గంలోనూ, ఆనందపురం-అనకాపల్లి ఆరు వరుసల రహదారి మీదను ఉన్నది. ఆ రహదారి అనకాపల్లి మీదుగా గోదావరి జిల్లాల వైపు సాగే జాతీయ రహదారిని కలుపుతుంది. రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నది ఆ జిల్లాలలోనే.

రేవులో దిగిన సరుకుకు దిగుమతిదారు గాని, ఆయన తరఫున కస్టమ్స్ బ్రోకరు గాని కంప్యూటర్ ద్వారా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేస్తారు. 2011 నుండి స్వయం మదింపు పద్ధతి అమలులో ఉన్నది. అనగా శీర్షికను మొదట నిర్ణయించి వ్రాయవలసినది దిగుమతిదారే. 2020 అక్టోబరు 31 నాటికి దేశమంతటా ముఖాముఖి లేని మదింపు వచ్చినందున, విశాఖలో దిగిన సరుకు పత్రాలను మరొక నగరంలోని అధికారి పరిశీలించవచ్చును. ఎదురుగా నిలబడి వివరించే అవకాశం లేనందున పత్రాలలోని వివరణే సరుకు తరఫున మాట్లాడవలెను. అవసరమైనచో నమూనాను పరీక్షకు కస్టమ్స్ ప్రయోగశాలకు పంపుతారు.

శీర్షికను బట్టి ఇతర అనుమతులు కూడా మారుతాయి. ఎండిన మొక్కలు, వేళ్ళకు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. సరుకులో చేపల పొడి వంటి జంతు సంబంధ పదార్థం ఉన్నచో 1898 నాటి పశు దిగుమతి చట్టం క్రింద ఉన్న నిబంధనలు చూడవలెను. మందుగా ప్రకటిస్తే ఔషధ చట్టం వస్తుంది. సరుకు చెరువు వద్దకు చేరిన పిమ్మట కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం (2005), ఆంధ్రప్రదేశ్ చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం (2020) కూడా సంబంధితాలు.

తప్పు వర్గీకరణ పర్యవసానాలు

1962 నాటి కస్టమ్స్ చట్టం 28వ సెక్షను ప్రకారం తక్కువగా చెల్లించిన సుంకాన్ని సాధారణంగా రెండు సంవత్సరాల లోపు అడగవచ్చును. ఉద్దేశపూర్వకంగా తప్పు చెప్పినా, నిజం దాచినా ఈ గడువు ఐదు సంవత్సరాలు. సుంకంతో పాటు వడ్డీ, రెండవ సందర్భంలో సుంకానికి సమానమైన జరిమానా కూడా పడవచ్చును. అప్పటికి సరుకు అమ్ముడుపోయి, చెరువులో పడి, రొయ్యలు కూడా ఎగుమతి అయిపోయి ఉంటాయి. కొన్నవారి నుండి ఆ సొమ్ము తిరిగి రాబట్టుట సాధ్యం కాదు. చిన్న దిగుమతిదారుకు ఇది వ్యాపారాన్నే ముంచివేసే భారం. ఆ భయంతో ముందే ధర పెంచితే అది రైతు మీద పడుతుంది.

పరిష్కార మార్గాలు

* ముందస్తు నిర్ణయం: దిగుమతికి ముందే శీర్షికను తేల్చమని కోరవచ్చును. 2021 జనవరి నుండి న్యూఢిల్లీ, ముంబైలలో కస్టమ్స్ ముందస్తు నిర్ణయ ప్రాధికార సంస్థలు పనిచేయుట మొదలైనది.
* తాత్కాలిక మదింపు: పరీక్షా ఫలితం రావలసి ఉన్నప్పుడు 18వ సెక్షను క్రింద బాండు ఇచ్చి సరుకును విడిపించుకొనవచ్చును. ఇట్టి మదింపులను తేల్చుటకు 2025లో రెండేళ్ళ గడువు విధించారు. దీనిని మరొక ఏడాది పొడిగించవచ్చును.
* అప్పీలు: ఉత్తర్వు అందిన 60 రోజులలో కమిషనరు (అప్పీళ్ళు) వద్దకు, ఆ పిమ్మట మూడు నెలలలో ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చును. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ధర్మాసనం హైదరాబాదులో ఉన్నది. సుంకపు రేటు, వర్గీకరణ వివాదాలలో ట్రిబ్యునల్ తీర్పుపై అప్పీలు నేరుగా సుప్రీం కోర్టుకు వెళుతుంది.

తయారీదారు నుండి పదార్థాల పాళ్ళు, తయారీ విధానం, వాడే పద్ధతి తెలిపే పత్రాన్ని ముందే తెప్పించుకొని, లేబుల్‌లోని మాటలకూ బిల్లులోని మాటలకూ తేడా లేకుండా చూచుకొనుట అన్ని మార్గాలకూ మొదటి మెట్టు. లోపలి పొడి ఏమిటో ప్రయోగశాల చెప్పగలదు. అది ఎందుకు తయారైనదో చెప్పవలసినది మాత్రం ఆ పత్రాలే.

ఇవి కూడా చూడండి

* హార్మొనైజ్డ్ సిస్టమ్
* కస్టమ్స్ చట్టం, 1962
* విశాఖపట్నం రేవు
* పెందుర్తి
* రొయ్యల సాగు
* ఎన్.వి. రమణ